ఎనభై పాయింట్లు

కాజా మిషను మీద ఉన్నంతసేపూ రావియా ఎవరితోనూ మాట్లాడదు. సుద్దముక్కతో పెట్టిన గుర్తు మీదికి చొక్కా పట్టీని జరిపి, కాలితో మీట తొక్కుతుంది. సూది ఒక పక్కన కిందికీ, ఇంకో పక్కన పైకీ కుట్టుకుంటూ వచ్చి ఆగుతుంది. ఆగగానే టక్కున చిన్న కత్తి పడుతుంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కాజా తప్పితే చొక్కా పోయినట్టే. పదకొండేళ్ళుగా ఆ చప్పుడు వినీ వినీ, ఇంట్లో తలుపు గడియ పడినా ఆమె చూపు ముందు తన చేతుల మీదికే పోతుంది.

ఆ సోమవారం పొద్దున ఉమ్ షౌకీ ఫోన్ మోగేటప్పటికి రావియా ఐదో కాజా మీద ఉంది. ఉమ్ షౌకీ ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, తడిచెయ్యి గౌనుకి తుడుచుకుని, ఫోన్ మూరెడు దూరాన పట్టుకుని చదివింది.

"ఐదు వందల ఇరవై" అంది.

మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి.

"వినబడిందా అమ్మా? ఐదు వందల ఇరవై అట. గురువారంతో గడువు సరి. ఆరు వందలు నిండకపోతే ఉన్నవన్నీ చెరిపేస్తారట. కింద ఒక పువ్వు బొమ్మ కూడా పెట్టి పంపారు, సచ్చినోళ్ళు."

వర్దియాన్ పేటలో ట్రాము పట్టాలకి ఇవతల రెండో అంతస్తులో ఉన్న ఆ కుట్టుశాలలో పనిచేసేది ఐదుగురు ఆడవాళ్ళు. బడిపిల్లల చొక్కాలు కుడతారు. డబ్బుల చీటీ వాళ్ళకి వాళ్ళ అమ్మల నాటి నుంచీ ఉన్నదే. పాయింట్ల చీటీ మాత్రం ఉమ్ షౌకీ బుర్రలో పుట్టింది. ట్రాము మలుపులో నౌరస్ దుకాణం ఉంది. పాలడబ్బా మొదలు బూట్ల దాకా పిల్లలకి కావలసినవన్నీ అక్కడే. ఏది కొన్నా గల్లా దగ్గర పిల్ల అడిగేది ఒకటే మాట: "తగ్గింపా, పాయింట్లా?" తగ్గింపు అంటే పది పౌండ్లకి ఒక పౌండు అక్కడికక్కడే తగ్గుతుంది. పాయింట్లు అంటే డబ్బు పూర్తిగా కట్టాలి, పదికి ఒక పాయింటు కార్డులో పడుతుంది. మూడు నెలల్లో ఆరు వందల పాయింట్లు పడితే, పై అరలో ఉన్న పెద్ద కట్టుడు బొమ్మల్లో, ముక్కా ముక్కా కలిపి కట్టేవాటిల్లో, ఏదైనా ఒకటి సగం ధరకి ఇస్తారు. ఒక్క ఇంటి ఖర్చుతో అన్ని పాయింట్లు ఎవరికీ నిండవు. అందుకని ఒకే కార్డు, ఉమ్ షౌకీ పేరున. మనిషికి నూట ఇరవై. మూడు నెలలకి ఒకరి వంతు. షరతు ఒక్కటే. ఎవరు ఏం కొన్నా నోట తగ్గింపు అన్న మాట రాకూడదు.

ఉమ్ షౌకీ మనవరాలికి రైలు వచ్చింది. నజ్‌లా ఇంటికి అగ్నిమాపక బండి వచ్చింది. ఇప్పుడు రావియా వంతు. ఆ తర్వాత ఇత్తిమాద్. చివర సుహైర్.

"మనిషికి నూట ఇరవై" అంటూ ఉమ్ షౌకీ వేళ్ళు మడిచింది. "నాది నేను పెట్టాను. నజ్‌లా?"

"పాలడబ్బాలకే దాటిపోయిందక్కా నాది" అంది నజ్‌లా, గుండీ మీంచి తల ఎత్తకుండా.

"సుహైర్?"

"పెట్టాగా!"

"రావియా?"

టక్కున కత్తి పడింది. "పెట్టాను."

"ఇత్తిమాద్?"

మూల పీట మీద, ఒళ్ళో చొక్కాల కుప్పతో కూర్చుని ఇత్తిమాద్ దారప్పోగులు కత్తిరిస్తోంది. అరవై దాటిన మనిషి. గుడ్డను కళ్ళకి దాదాపు ఆనించి చూస్తుంది. "పెట్టాను" అంది.

"ఐదుగురూ పెడితే ఎనభై ఏమైనట్టు? పిల్లి తాగిపోయిందా?"

ఎనభై అన్న మాటకి రావియా చెవులు వేడెక్కాయి. రెండు నెలల కిందట, గాలివాన రోజున, కూతురు హాజర్ బూటు అడుగు ఊడి చేతికొచ్చింది. నౌరస్‌లో నల్లవి, పట్టీ ఉన్నవి, నాలుగు వందల యాభై. పర్సులో నాలుగు వందల ఇరవై. వెనక జనం. గల్లా పిల్ల అడగనే అడిగింది. "తగ్గింపు" అని రావియా నోరు దానంతటదే అంది. ఆ తర్వాత వారం బడిసంచీ, మూడు వందల యాభై. ఆ రోజు పర్సులో డబ్బుంది. మొదటిసారి లేక అన్న మాట రెండోసారి తేలిగ్గా వచ్చింది. రెండూ కలిపితే ఎనిమిది వందలు. ఎనభై పాయింట్లు. ఎవరో తూకం వేసి పెట్టినట్టు సరిగ్గా అంతే.

ఇప్పుడు ఎనిమిది వందలు పెట్టి ఏదో ఒకటి కొని నింపేయొచ్చు. కానీ ఇంట్లో టీపొడి డబ్బాలో ఉన్నవి పద్దెనిమిది వందలు. అవి పై అరలోని ఓడకి, దాని సగం ధర సరిగ్గా అంతే.

*

ఓడ రావియా తండ్రి బస్యూనీకి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఓడల కార్ఖానాలో ఇనపరేకులు అతికిన మనిషి. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ధర్మాసుపత్రిలో చేతికి కసరత్తులు చేయించే అమ్మాయి, మందులతో పాటు ఏదైనా చిన్న కట్టుడు బొమ్మ కొనిమ్మంది. రావియా చిన్న క్రేను కొనిచ్చింది. నూట ఇరవై ముక్కలు. ముసలాయన మొదట దాన్ని ఎడం చేత్తో అవతలికి తోశాడు. "నేను కట్టిన ఓడలెక్కి జనం దేశాలు దాటారు. నాకు బొమ్మలా?" అన్నాడు. మర్నాడు రావియా పనినుంచి వచ్చేసరికి క్రేను సగం నిలబడి ఉంది.

ఇప్పటికి దాన్ని పందొమ్మిదిసార్లు కట్టి, పందొమ్మిదిసార్లు విప్పాడు. చూపుడువేలూ బొటనవేలూ కలుస్తున్నాయి. కానీ నాలుగు రోజులుగా క్రేను ముట్టుకోవడం లేదు. కళ్ళు మూసుకుని కట్టగలనన్నాడు. కట్టి చూపించాడు కూడా.

"వేలు మేలుకున్నప్పుడే పని చెప్పాలి" అంది ఆసుపత్రి అమ్మాయి. "మళ్ళీ నిద్రపోయిందో, ఇక లేవదు. ఇంకా పెద్దది, ఇంకా చిన్న ముక్కలది తెండి."

ఆ సాయంత్రం రావియా వచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో, కుడిచెయ్యి ఒళ్ళో గుడ్డపీలికలా పెట్టుకుని కూర్చున్నాడు.

"ఓడ ఎప్పుడొస్తుందే?"

"గురువారం లోపల నాన్నా."

"ఎన్ని ముక్కలన్నావ్?"

"పదకొండు వందల చిల్లర."

"పొగగొట్టం ఉందా?"

"రెండున్నాయి."

ముసలాయన తల పంకించాడు. ఒళ్ళో ఉన్న చేతిలో చూపుడువేలు ఒకసారి కదిలింది. రావియా అది చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

*

మంగళవారం మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల మీద పాత కాగితం పరిచి అన్నాలకి కూర్చున్నారు. చిక్కుడుగింజలు ఉడికించి నూనె పోసి మెదిపిన ఫూల్, రొట్టెలు, పచ్చి ఉల్లిపాయ, ఎర్రగా ఊరిన ముల్లంగి ముక్కలు. ఇత్తిమాద్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోతోంది.

"ఇత్తిమాద్ పిన్నీ" అంది సుహైర్. "నిజం చెప్పు. నీకు పిల్లా లేదు, జెల్లా లేదు. నూట ఇరవై పాయింట్లకి ఏం కొన్నావ్?"

"డైపర్లు."

నజ్‌లా పకపకా నవ్వింది. "ఎవరికి పిన్నీ, నీకా?"

సుహైర్‌కి ఉల్లిపాయ పొలమారింది. ఉమ్ షౌకీ కూడా పెదవి కొరుక్కుంది. రావియా నవ్వలేదు. నవ్వకపోవడం కనబడుతుందేమోనని రొట్టె మీదికి వంగింది.

"మేడమీద వాళ్ళకి" అంది ఇత్తిమాద్. ఆమె ఒక పాత మేడకి కాపలా ఉండే మనిషి పెళ్ళాం. మొగుడు పోయినా, మెట్ల కింది గది వదలమని ఎవరూ అనలేదు. "వాళ్ళు తెమ్మంటారు. తెస్తాను."

"మేడమీద వాళ్ళు నీ చేత కొనిపించుకుని తగ్గింపు వదులుకుంటారా? వాళ్ళేమన్నా పిచ్చివాళ్ళా?"

ఇత్తిమాద్ రొట్టె నమిలింది.

"చూడు ఇత్తిమాద్" అంది ఉమ్ షౌకీ. గొంతులో కోపం లేదు. కోపం లేకపోవడమే ఎక్కువ బాధ. "లేకపోతే లేదని చెప్పాల్సింది. మనలో మనకి దాపరికమేంటి? నీ దగ్గర లేదని మాకు తెలీదా? కానీ పెట్టానని అబద్ధం ఆడితే చీటీ నిలబడదు. మా అమ్మ చీటీ నడిపేటప్పుడు ఒకటే మాట అనేది. మోసం చేసిన మనిషి వంతు పోతుంది. అంతే. అది నా మాట కాదు, చీటీ మాట."

"నేను మోసం చెయ్యలేదు."

"మరి ఎవరు చేశారంటావ్? నేనా? నజ్‌లానా? ఈ రావియానా?"

ఇత్తిమాద్ తల ఎత్తింది. మసక కళ్ళు అందరి మీదా జరిగి, రావియా మీద ఆగాయి. ఎంతోసేపు కాదు. మిషనులో ఒక కాజా పడేంతసేపు.

తేలు కుట్టిన దొంగలా రావియా ముల్లంగి ముక్క కొరుక్కుంటూ కూర్చుంది.

"ఈ వయసులో బొమ్మ కోసం ఎవరైనా ఆశపడతారా పిన్నీ?" అంది సుహైర్, కొంచెం మెత్తబడి. "ఏం తీసుకుందామనుకున్నావు అసలు?"

"ఇల్లు" అంది ఇత్తిమాద్. "పై అరలో చివర ఉంది. కిటికీలు తెరుచుకుంటాయట."

మెట్ల కింద గదికి కిటికీ లేదన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాగితం మడిచి పారేసి పనిలోకి లేచారు.

సాయంత్రం నాలుగింటికి ఇత్తిమాద్ పీట మీంచి లేచి వచ్చి ఒక చొక్కా రావియా బల్ల మీద పెట్టి వెళ్ళింది. మూడో కాజా సుద్దగుర్తుకి రెండు వేళ్ళు కిందికి పడింది. పదకొండేళ్ళలో అలా జరగలేదు. ఆ చొక్కాను అందరికీ కనబడేలా కుప్ప మీద వేసి ఉంటే కూలి కోసేవాళ్ళు. ఇత్తిమాద్ దాన్ని మడిచి, తప్పు లోపలికి వచ్చేలా పెట్టింది.

*

బుధవారం సాయంత్రం చినుకు పడుతుండగా రావియా నౌరస్‌కి వెళ్ళింది. అప్పుగా ఎనిమిది వందలు ఎవరిస్తారని దారి పొడుగునా తలపోసింది. ఎవరూ తట్టలేదు. ఒకవేళ పాలడబ్బాలు కొని నజ్‌లాకి అమ్మితేనో? అమ్మితే ఎందుకని అడుగుతుంది. పర్సులో పద్దెనిమిది వందలున్నాయి. అయినా పోయింది. గడువు లోపల దుకాణం ముఖం చూసైనా రావాలనిపించింది.

ఓడ పై అరలో మధ్యన ఉంది. దాని పక్కన కోట, ఆ పక్కన విమానం, చివర ఇల్లు. గల్లా దగ్గర రోజూ ఉండే పిల్లే ఉంది. రావియా ఉమ్ షౌకీ కార్డు నంబరు చెప్పింది.

"మళ్ళీ ఒక్కసారి చూడమ్మా. ఐదు వందల ఇరవైయేనా?"

గల్లా పిల్ల మీటలు నొక్కింది. "ఆరు వందల రెండు."

"మళ్ళీ చూడు."

"ఆరు వందల రెండే అక్కా. నిన్న సాయంత్రం నలభై, ఇవాళ మధ్యాహ్నం నలభై రెండు."

"ఎవరు కొన్నారు?"

"ఆ సన్నటి పెద్దామె. నోటుని కళ్ళకి ఆనించి చూస్తుందే, ఆవిడ. వానలో మూడు తడవలు తిరిగింది పాపం, అన్నీ ఒకేసారి మొయ్యలేక." పిల్ల గొంతు తగ్గించింది. "నేను చాలాసార్లు చెప్పాను, తగ్గింపు తీసుకో పిన్నీ అని. వినదు. మేడమీద వాళ్ళు తగ్గింపు పోను మిగతా డబ్బులే లెక్కపెట్టి ఇస్తారంట ఆవిడకి. కొరవ ఉన్నది రుమాలు ముడి విప్పి తనే కడుతుంది. నాకెందుకులే. కార్డు లెక్క ముద్ర కొట్టి ఇమ్మంటారా? మూడు నెలలదీ వస్తుంది."

పొడుగాటి కాగితం బయటికి వచ్చింది. రావియా ఒక పక్కకి జరిగి, బొమ్మల అరకి ఆనుకుని చదివింది. తేదీ, సరుకు, పాయింట్లు. డైపర్లు. డైపర్లు. పాలడబ్బా. డైపర్లు. నోటు పుస్తకాలు, అవి తనవి. ఉన్ని టోపీ, అది ఉమ్ షౌకీది. డైపర్లు. వేలు పెట్టి కూడింది. ఈ రెండు రోజులవి కాకుండానే డైపర్లు రెండు వందలు. తనవి నలభై. మిగతా ముగ్గురివీ కలిపి రెండు వందల ఎనభై.

మూడు వందల అరవై ఉండాలి. అంటే ఇంకెవరో కూడా తగ్గింపు తీసుకున్నారు.

ఆ సంగతి తెలియగానే ఊపిరి కాస్త ఆడింది. ఆడినందుకు మళ్ళీ సిగ్గేసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో కుక్కింది. ఇప్పుడేం చెయ్యాలో తెలియలేదు. ఇంటికి పోవచ్చు. రేపటితో పాయింట్లు చెరిగిపోతాయి. చెరిగిపోతే ఇత్తిమాద్ రుమాల్లోంచి తీసిన డబ్బు కూడా గాల్లో కలిసిపోతుంది. తీసుకోవడమే న్యాయం అనుకుంది. అది న్యాయమో, కావాలనుకున్నది కనుక న్యాయంగా కనబడిందో, ఆలోచించడానికి కాళ్ళు ఆగలేదు.

"ఆ ఓడ దించమ్మా" అంది.

పద్దెనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చింది. పెట్టె బరువుగా ఉంది. వాన తగలకుండా తలగుడ్డ కొస దాని మీద కప్పుకుంటూ నడిచింది.

ముసలాయన పెట్టెను బల్ల మీద పెట్టించుకుని, మూత తెరవకుండా చాలాసేపు బొమ్మ చూశాడు. పొగగొట్టాలు లెక్కపెట్టాడు. తర్వాత హాజర్‌ని పిలిచి నీలం పెన్ను తెమ్మన్నాడు. పెన్నును ఎడంచేత్తో కుడిచేతి వేళ్ళ మధ్య దూర్చుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, పెట్టె మూల వంకరగా రాశాడు: నాలుగు, ఒకటి, ఏడు.

"అదేంటి తాతా?" అంది హాజర్.

"నా నంబరు. నాలుగు వందల పదిహేడు. కార్ఖానాలో ఎవరి అతుకు పక్కన వాడు తన నంబరు కొట్టాలి. లేకపోతే జీతం ఇవ్వరు."

"ఎందుకు?"

"రేపు సముద్రంలో నీళ్ళు కారితే ఎవడి అతుకో తెలియొద్దూ? ఒకసారి నా అతుకే కారింది. నంబరు నాదే ఉంది. ఏం చేస్తాం. పోయి, అందరి ముందూ గీకి మళ్ళీ అతికాను." ముసలాయన నవ్వాడు. వంకర పోయిన మూతి ఒక పక్కే నవ్వింది. "నంబరు లేని అతుకైతే పక్కవాడి నెత్తిన పడేది."

రావియా సంచీల్లోంచి ముక్కలు గిన్నెల్లో పోస్తోంది. బూడిద రంగువి ఒక గిన్నెలో, ఎర్రవి ఒక గిన్నెలో. ఆమె చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ పోసింది.

*

గురువారం ఇస్త్రీపెట్టె వేడెక్కకముందే రావియా కాగితం తీసి ఉమ్ షౌకీ బల్ల మీద పరిచింది.

"ఇందులో ఒక జత బూట్లు లేవు" అంది. "ఒక బడిసంచీ లేదు. రెండూ హాజర్‌వి. నేను తగ్గింపు తీసుకున్నాను. ఆ ఎనభై నావి."

మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. నజ్‌లా గుండీ చేతిలోంచి జారి నేల మీద దొర్లిపోయింది. ఎవరూ వంగలేదు.

ఉమ్ షౌకీ కాగితాన్ని చూసి, రావియాని చూసింది. "పడవ ఇంటికి చేరాక గుర్తొచ్చిందా ఇది? రాత్రే వచ్చింది నా ఫోన్‌కి, ఆరు వందలూ వాడేశారని."

"ఓడ తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను. నాన్న పెట్టె మీద పెన్నుతో రాసేశాడు. తీసుకోరు."

"ఓహో, రాసేశాడా!" అంది సుహైర్. "బాగుంది. మనం మాత్రం ఈ పెద్దావిడని డైపర్లు నీకా అని..." అని నజ్‌లాకేసి చూసి ఆపేసింది.

"డైపర్లన్నీ ఇత్తిమాద్ పిన్నివే" అంది రావియా. "చూడండి. రెండు వందలు. ఈ రెండు రోజుల్లో ఇంకో ఎనభై. పై ఖర్చు తన రుమాల్లోంచే. పిన్నీ, నన్ను..."

"నాకు తెలుసు" అంది ఇత్తిమాద్.

ఆమె అప్పుడే పీట మీద కూర్చుని, మొదటి చొక్కాని ఒళ్ళోకి లాక్కుంటోంది.

"నల్లవి. పట్టీ ఉన్నవి. వాన పడుతోంది ఆ రోజు. నేను నీ వెనకే ఉన్నాను వరసలో. నీ పర్సు చూశాను. అందులో లేవు. సరే అనుకున్నాను."

"చూసి కూడా మొన్న నోరెత్తలేదా?" అంది ఉమ్ షౌకీ. మొహం ఎర్రబడింది. "నన్ను పాపం మూట కట్టుకోనిచ్చావా? ఒక్క మాట అనొద్దూ?"

"మీరు నన్ను దొంగవా అని అడిగారు. ఎవర్నైనా చూశావా అని అడగలేదు."

ట్రాము ఒకటి కింద నుంచి వెళ్ళింది. కిటికీ అద్దాలు గలగలలాడి సర్దుకున్నాయి.

"మరి అన్ని మాటలు పడ్డాక మళ్ళీ ఎనభై ఎందుకు పెట్టావమ్మా పిచ్చిదానా?" అంది ఉమ్ షౌకీ.

"చెరిగిపోతే నావే ఎక్కువ పోయేవి" అంది ఇత్తిమాద్. దారప్పోగు పట్టుకుని కత్తెర వేసింది. "బస్యూనీ అన్న చెయ్యి కూడా అనుకో. కానీ ముందు నావే."

ఉమ్ షౌకీ కాగితాన్ని దగ్గరికి లాక్కుని, పై నుంచి వేలు పెట్టుకుంటూ చదవబోయింది. అంతలో నజ్‌లా లేచి వచ్చింది. "ఇక చాలక్కా" అంటూ కాగితం కిందికొసను పట్టుకుని మడిచింది. "అయిందేదో అయింది. పొద్దున్నే ఈ గొడవెందుకు?" ఆమె బొటనవేలు పాలడబ్బా అన్న వరస మీద ఉంది. మూడు నెలల్లో ఆ మాట ఎన్నిసార్లు ఉందో రావియాకి తెలుసు. నజ్‌లా పిల్ల నెలకి ఎన్ని డబ్బాలు తాగుతుందో అందరికీ తెలుసు.

ఉమ్ షౌకీ మడతను చూసింది. విప్పలేదు. ఆమె వేలు కూడా ఉన్ని టోపీ అన్న వరస దగ్గర ఆగి ఉంది.

"సరే" అంది చివరికి. "వంతు నీదే ఇత్తిమాద్. వచ్చేసారి నీదే. ఎవరూ కాదనరు. రావియా, నీ వంతు అయిపోయింది కాబట్టి నువ్వు వచ్చేసారి రెండింతలు పెట్టు."

"పెడతాను."

"నాకొద్దు" అంది ఇత్తిమాద్.

"ఇల్లు వద్దా? కిటికీలు..."

"నలుగురే అనుకోండి ఇక." ఆమె చొక్కాని ఎత్తి కళ్ళకి ఆనించుకుని, చేతి కింద మడత వెతికింది. అక్కడ పోగు ఉంది. కత్తిరించింది. "పాయింట్లు పెట్టడానికి నాకేం కష్టం లేదు. పెట్టానని చెప్పుకోవడం కష్టంగా ఉంది."

తర్వాత మిషన్లు మళ్ళీ తిరిగాయి. పనిలో పడ్డారు. మధ్యాహ్నం ఫూల్ గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు ఇత్తిమాద్ కూడా వచ్చి కూర్చుంది. రావియా ముల్లంగి ముక్క అడిగితే అందించింది. రోజూలాగే అందించింది.

*

శనివారం సాయంత్రం హాజర్‌కి బొమ్మలు గీసే పుస్తకం కావలసి వచ్చింది. రావియా నౌరస్‌లో అది తీసుకుని వరసలో నిలబడింది. ఇంటి దగ్గర ఓడ ఏడో పుట దాకా వచ్చింది. అడుగుభాగం నిలిచింది. ముసలాయన ప్రతి ముక్కకీ ఆగి, వేలితో ఒత్తి, చెవి దగ్గర పెట్టుకుని చిన్న చప్పుడు వింటున్నాడు. వినబడకపోతే పీకి మళ్ళీ పెడుతున్నాడు. రాత్రి భోజనానికి లేవమంటే "ఈ వరస అయిపోనీ" అంటున్నాడు. రావియా పక్కన కూర్చుని ముక్కలు అందిస్తోంది. ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా దాని బరువు చూస్తోంది.

ముందున్న మనిషి పక్కకి జరిగాక చూస్తే, గల్లా దగ్గర ఇత్తిమాద్.

రెండు డైపర్ల కట్టలు బల్ల మీద పెట్టి, రుమాలు ముడి విప్పుతోంది. వెనక్కి చూడలేదు. అయినా ముడి మీద వేళ్ళు ఒకసారి ఆగాయి.

"తగ్గింపా, పాయింట్లా?" అంది గల్లా పిల్ల అలవాటుగా. వెంటనే తనే అంది, "పాయింట్లే కదా పిన్నీ."

ఇత్తిమాద్ నోట్లను ఒకటొకటిగా కళ్ళకి ఆనించి చూసి పెట్టింది.

"తగ్గింపు" అంది.

గల్లా పిల్ల తల ఎత్తింది. "తగ్గింపా?"

"ఊఁ. మేడమీద వాళ్ళ డబ్బులు. వాళ్ళ తగ్గింపు వాళ్ళది."

చిల్లర తీసుకుని, రుమాలు మళ్ళీ ముడేసింది. ముడి ఇదివరకంత లావుగా లేదు. కట్టలు రెండు చంకలా ఇరికించుకుని తలుపు దాకా వెళ్ళింది. పై అర చివర ఇల్లు అక్కడే ఉంది. దానికేసి చూడలేదు. తలుపు దగ్గర ఒక కట్టని కింద పెట్టి, తలగుడ్డ సర్దుకోవడం మొదలుపెట్టింది. బయట వాన లేదు, గాలి కూడా లేదు. ఆమె ఆ గుడ్డని ఇటు చుట్టి అటు విప్పి, మళ్ళీ ఇటు చుట్టింది.

"మీదక్కా?" అంది గల్లా పిల్ల. పుస్తకాన్ని తిప్పి ధర చూసింది. "ఇరవై. తగ్గింపా, పాయింట్లా?"

తలుపు దగ్గర గుడ్డ చుట్టే చేతులు ఆగాయి.

"పాయింట్లు" అంది రావియా. తనకే గట్టిగా వినబడింది. పక్క వరసలో వాళ్ళు తిరిగి చూశారు.

"కార్డు నంబరు?"

ఉమ్ షౌకీ నంబరు ఒక్కో అంకే చెప్పింది. యంత్రం చిన్న కాగితం బయటికి తోసింది. రెండు అని ఉంది దాని మీద. కిందనే, ఆరు వందలకి ఇంకా ఐదు వందల తొంభై ఎనిమిది కావాలని ఉంది.

రావియా కాగితం తీసుకుని వెనక్కి తిరిగేటప్పటికి తలుపు ఇంకా ఊగుతోంది. తలుపు అద్దంలోంచి ఇత్తిమాద్ కనబడింది. రెండు కట్టల మధ్య వంగి, ట్రాము పట్టాలు దాటడానికి ముందు కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, కళ్ళు ఆనక ఇంకోసారి చూస్తూ నిలబడి ఉంది. రావియా పరుగున బయటికి వెళ్ళి, ఒక కట్ట అందుకోబోయింది.

ఇత్తిమాద్ ఇవ్వలేదు. కానీ రావియా చెయ్యి పట్టాల మీదుగా అవతలిదాకా ఆ కట్ట అంచు మీదే ఉంటే, తీసెయ్యమని కూడా అనలేదు.